కెర్నల్ కోడ్‌కి ఎవరు పూచీ?

బ్రౌజర్‌లో ఒక వెబ్‌సైట్ పేరు కొట్టి ఎంటర్ నొక్కుతాం. కనెక్షన్ మొదలయ్యే లోపే విండోస్ లోపల చిన్న విచారణ ఒకటి జరిగిపోతుంది. అడుగుతున్న ప్రోగ్రామ్ ఏది? ఏ చిరునామాకు, ఏ పోర్టుకు పోతానంటోంది? పోనివ్వాలా, ఆపాలా? ఫైర్‌వాల్, యాంటీవైరస్, పిల్లల కోసం పెట్టుకునే నియంత్రణలు, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కంపెనీ వేసే భద్రతా సాఫ్ట్‌వేర్ అన్నీ ఈ విచారణలో తమ మాట చెప్పేవే. వాటిలో చాలావాటి తరఫున ఆ మాట చెప్పేది ఒక చిన్న ఫైలు. దాన్నే నెట్‌వర్క్ ఫిల్టర్ డ్రైవర్ అంటారు.

ఆ ఫైలు నడిచేది కెర్నల్‌లో. అక్కడ తప్పు జరిగితే ఒక ప్రోగ్రామ్ మూతపడి ఊరుకోదు, మొత్తం కంప్యూటరే నీలి తెర చూపించి ఆగిపోతుంది. అంత లోపలికి పోయే కోడ్‌కి పూచీ ఎవరు పడాలి? ఇవాళ రెండు జవాబులు గట్టిగా వినిపిస్తున్నాయి. రస్ట్ భాషలో రాయండి, మెమరీ తప్పులకు కంపైలరే అడ్డు పడుతుంది అన్నది ఒకటి. డిజిటల్ సంతకం లేని డ్రైవర్‌ని గడప దాటనివ్వకండి అన్నది రెండోది. రెండూ మంచివే. కానీ ఒకదాని పూచీ రెండోదానికి పనికిరాదు. రెండూ కలిపినా ఇంకా కొంత మిగిలిపోతుంది. ఎంత మిగులుతుందో, ఎందుకు మిగులుతుందో తెలుసుకోవడానికి అలాంటి డ్రైవర్ ఒకటి ఎలా తయారవుతుందో, విండోస్ దాన్ని ఎలా లోపలికి రానిస్తుందో మొదటి నుంచి చివరిదాకా చూడటమే దారి.

కెర్నల్ అంటే ఎలాంటి చోటు?

ప్రాసెసర్ అందరికీ ఒకే అధికారం ఇవ్వదు. ఇంటెల్, ఏఎండీ చిప్‌లలో 0 నుంచి 3 దాకా నాలుగు అధికార స్థాయిలున్నా, విండోస్ వాడుకునేది రెండింటినే. బ్రౌజర్, వర్డ్, గేముల వంటివి 3వ స్థాయిలో నడుస్తాయి. వాటిలో ప్రతిదానికీ తన మెమరీ తనకే. ఒకటి చెడిపోతే విండోస్ దాన్ని మూసేసి, మిగతావాటిని నడిపించుకుంటూ పోతుంది.

కెర్నల్, డ్రైవర్లు నడిచేది 0వ స్థాయిలో. అక్కడ గోడలు లేవు. డిస్క్ డ్రైవర్, గ్రాఫిక్స్ డ్రైవర్, నెట్‌వర్క్ డ్రైవర్ అన్నిటిదీ ఉమ్మడి మెమరీ. ఒకటి తనది కాని చోట పొరపాటున రాసేస్తే, ఆ దెబ్బ ఎప్పుడో, ఇంకెక్కడో, ఏ సంబంధమూ లేని ఫైలులో బయటపడవచ్చు. అందుకే తేడా కనబడిన క్షణంలో విండోస్ తనంతట తానే ఆగిపోతుంది. నీలి తెర మనకు విసుగు తెప్పిస్తుంది గానీ, డిస్కు మీద మన ఫైళ్లు కూడా పాడవకుండా చూసుకోవడానికి విండోస్ చేసే ఆఖరి ప్రయత్నం అది.

వడపోత జరిగే చోటు

ఒకప్పుడు నెట్‌వర్క్ రాకపోకలను గమనించాలనుకున్న ప్రతి కంపెనీ తనకు తోచిన చోట కెర్నల్‌లో కొక్కెం తగిలించేది. రెండు కంపెనీల సాఫ్ట్‌వేర్ ఒకే మెషీన్‌లో ఉంటే తగవు తప్పేది కాదు. విస్టాతో మైక్రోసాఫ్ట్ దీనికొక పద్ధతి తెచ్చింది. అదే విండోస్ ఫిల్టరింగ్ ప్లాట్‌ఫామ్. పొడిగా డబ్ల్యూఎఫ్‌పీ అంటారు. విండోస్‌తో వచ్చే ఫైర్‌వాల్ కూడా దీని మీదే కట్టారు.

ఒక ప్యాకెట్ పోయే దారిలో డబ్ల్యూఎఫ్‌పీ కొన్ని దశలను నిర్ణయించి ఉంచింది. కింద ఐపీ ప్యాకెట్ దశ, ఆ పైన టీసీపీ, యూడీపీ దశ, ఇంకా పైన కనెక్షన్‌కి అనుమతి ఇచ్చే దశ. మామూలు ఫైర్‌వాల్‌కి బాగా పనికొచ్చేది ఈ చివరిదే. టీసీపీ కనెక్షన్ మొదలయ్యేటప్పుడు ఇక్కడ ఒకసారి అడుగుతారు, ప్రతి ప్యాకెట్‌కీ అడగరు. పైగా ఏ ప్రోగ్రామ్ అడుగుతోందో, దాని ఫైలు ఎక్కడుందో కూడా ఇక్కడ తెలుస్తుంది. కింది దశలకు దిగితే ప్యాకెట్ లోపలి సరుకు దొరుకుతుంది గానీ, దాని యజమాని ఎవరో తేల్చుకోవడం కష్టమవుతుంది.

ప్రతి దశలోనూ ఫిల్టర్లు పెట్టవచ్చు. ఫలానా పోర్టుకు పోయేవన్నీ ఆపు అనేంత సులువైన నియమమైతే డ్రైవర్ అవసరమే లేదు, మామూలు ప్రోగ్రామ్ నుంచే చేర్చవచ్చు. నియమం అంత తేలిగ్గా చెప్పలేనిదైతే, నిర్ణయాన్ని మన కోడ్‌కి వదిలిపెట్టమని ఫిల్టర్‌లో రాస్తాం. అలా పిలిపించుకునే కోడ్‌ని కాల్‌ఔట్ అంటారు. కాల్‌ఔట్ అంటే మూడు ఫంక్షన్లు. మొదటిది నిర్ణయం చెప్పేది. రెండోది, ఫిల్టర్ చేరినప్పుడూ తీసేసినప్పుడూ కబురు అందుకునేది. మూడోది, మనం ఒక కనెక్షన్‌కి ఏదైనా సమాచారం తగిలించి ఉంటే ఆ కనెక్షన్ ముగిసినప్పుడు శుభ్రం చేసేది. మొదటిదాన్ని క్లాసిఫై అంటారు. డ్రైవర్‌కి ప్రాణం అదే.

క్లాసిఫై చెప్పగలిగేది మూడు ముక్కల్లో ఒకటి: పోనివ్వు, ఆపు, నా మాట లేదు తర్వాతివాళ్లని అడుగు. చెప్పే ముందు, నిర్ణయం మార్చే హక్కు తనకింకా ఉందో లేదో కూడా చూసుకోవాలి. తనకంటే ఎక్కువ బరువున్న ఫిల్టర్ అప్పటికే తేల్చేసి ఉంటే ఆ హక్కు ఉండకపోవచ్చు. పాత రోజుల తగవులకు డబ్ల్యూఎఫ్‌పీ చూపిన పరిష్కారం ఈ బరువులు, హక్కుల లెక్కే.

రస్ట్ ఏం పూచీ పడుతుంది?

విండోస్ డ్రైవర్లను దశాబ్దాలుగా సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో రాస్తూ వచ్చారు. మెమరీని ఎప్పుడు తీసుకోవాలో, ఎప్పుడు తిరిగి ఇవ్వాలో, ఎంతవరకు చదవాలో అంతా ఆ భాషల్లో రాసేవారి జాగ్రత్త మీదే ఉంటుంది. 2019లో మైక్రోసాఫ్ట్ భద్రతా నిపుణులు ఒక లెక్క బయటపెట్టారు. తమ ఉత్పత్తుల్లో ఏటా బయటపడి, సరిదిద్దుతున్న భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమరీ వాడకంలో తప్పులేనట. పన్నెండేళ్లకు పైగా ఆ నిష్పత్తి పెద్దగా మారలేదు. చదువుకున్నవాళ్లు, అనుభవమున్నవాళ్లు రాసిన కోడే అది. జాగ్రత్తగా ఉండండి అని చెప్పి తగ్గించగలిగే జబ్బు కాదని తేలిపోయింది.

రస్ట్ భాష 2006లో గ్రేడన్ హోర్ సొంతంగా మొదలుపెట్టిన పని. తర్వాత మొజిల్లా చేయూతనిచ్చింది. 2015 మే 15న 1.0 వెర్షన్ వచ్చింది. దాని మూలసూత్రం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: ప్రతి విలువకూ ఒకే యజమాని, యజమాని పోతే విలువా పోతుంది. ఇతరులు దాన్ని అరువు తీసుకోవచ్చు. చదవడానికైతే ఎందరైనా, మార్చడానికైతే ఒక్కరే. యజమాని పోయాక అరువు మిగిలి ఉండే వీలే లేదు. ఈ నియమాలను ప్రోగ్రామ్ నడిచేటప్పుడు కాదు, కంపైల్ చేసేటప్పుడే పరీక్షిస్తారు. తిరిగి ఇచ్చేసిన మెమరీని మళ్లీ తాకడం, రెండు త్రెడ్‌లు ఒకే విలువను ఒకేసారి మార్చడం వంటి తప్పులు ఇక్కడే పట్టుబడతాయి.

2022 డిసెంబర్‌లో వచ్చిన లినక్స్ 6.1లో కెర్నల్‌కి రస్ట్ తోడైంది. 2023లో విండోస్ 11 కెర్నల్‌లో గ్రాఫిక్స్‌కి చెందిన ఒక భాగాన్ని రస్ట్‌లో తిరగరాశారు. అదే ఏడాది, రస్ట్‌లో విండోస్ డ్రైవర్లు రాయడానికి కావలసిన లైబ్రరీలను మైక్రోసాఫ్ట్ ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. మనం చెప్పుకుంటున్న డ్రైవర్‌కి పునాది ఆ లైబ్రరీలే.

దగ్గర నుంచి: ఒక పోర్టు నంబర్ చదవడం

మాటల్లో కాక పనిలో చూద్దాం. డబ్ల్యూఎఫ్‌పీ మన క్లాసిఫై ఫంక్షన్‌ని పిలిచినప్పుడు కనెక్షన్ వివరాలను ఒక వరుసగా ఇస్తుంది. ప్రోగ్రామ్ ఫైలు పేరు, స్థానిక చిరునామా, అవతలి చిరునామా, అవతలి పోర్టు... ఇలా. వరుసలో ఎన్నో స్థానంలో ఏముందో ఒక్కో దశకు ఒక్కో లెక్క. ఆ స్థానాలకు పేర్లు పెట్టారు గానీ, సీ భాషలో ఆ పేర్లన్నీ ఉత్త అంకెలే. ఒక దశకు చెందిన అంకెను ఇంకో దశలో వాడితే కంపైలర్ పల్లెత్తు మాట అనదు. అదృష్టం బాగుంటే తప్పు విలువ వస్తుంది. బాగుండకపోతే వరుస దాటి అవతలి మెమరీని చదివేస్తాం.

రస్ట్‌లోనైనా విండోస్ నుంచి వచ్చేది అదే ముడి పాయింటర్. కంపైలర్ దాన్ని నమ్మదు. దాన్ని వాడాలంటే ఆ ముక్కను అన్‌సేఫ్ అని గుర్తు పెట్టిన బ్లాకులో రాయాలి. ఈ పాయింటర్ సరైనదని, ఇందులో ఇన్ని విలువలున్నాయని ఇక్కడ పూచీ నాది అని రాసేవాడు ఒప్పుకున్నట్టు. మంచి డ్రైవర్‌లో ఈ ఒప్పుకోలు ఒకేచోట, రెండు మూడు లైన్లలో ముగుస్తుంది. పాయింటర్‌నీ, విలువల సంఖ్యనూ కలిపి ఒక స్లైస్ చేసి బయటికి ఇస్తాం. అక్కడి నుంచి, ఉందో లేదో అడిగే పద్ధతిలో ఎన్నో విలువ కావాలన్నా రస్ట్ ఆ స్థానం ఉందో లేదో చూసి, ఉంటే విలువ ఇస్తుంది, లేకపోతే లేదని చెబుతుంది. లేదన్నప్పుడు ఏం చేయాలో మనం రాసేదాకా కోడ్ ముందుకు కదలదు.

ఆ ఒక్కో విలువకీ మళ్లీ రెండు భాగాలు: ఇది ఏ రకం అని చెప్పే గుర్తు, అసలు సమాచారం. సీలో గుర్తు చూడకుండానే సమాచారం చదివేయవచ్చు. రస్ట్‌లో దీన్ని, రకాన్నీ సమాచారాన్నీ విడదీయకుండా కలిపి ఉంచే ఈనమ్‌గా మార్చుకుంటే, రకం తేల్చుకోకుండా లోపలికి చేయి పెట్టే దారే ఉండదు.

ఇప్పుడు పోర్టు నంబర్ చేతికొచ్చింది. ఇక్కడొక తిరకాసు ఉంది. సురక్షిత వెబ్‌సైట్ల పోర్టు 443. దీన్ని రెండు బైట్లుగా రాస్తే 1, 187. నెట్‌వర్క్ మీద పోయే ప్యాకెట్‌లో ఈ బైట్ల వరుస ఒక రకం, మన ప్రాసెసర్ మెమరీలో దాచుకునే వరుస దానికి తలకిందులు. డబ్ల్యూఎఫ్‌పీ ఈ దశలో పోర్టునూ చిరునామానూ ప్రాసెసర్ వరుసలోనే ఇస్తుంది. కానీ ప్యాకెట్‌ని సొంతంగా విప్పి చూసినప్పుడు దొరికేది నెట్‌వర్క్ వరుస. తిప్పాల్సిన చోట తిప్పకపోయినా, అక్కర్లేని చోట తిప్పినా 443 కాస్తా 47873 అవుతుంది. కంప్యూటర్ ఆగిపోదు, ఏ హెచ్చరికా రాదు. ఆపమన్న కనెక్షన్ హాయిగా వెళ్లిపోతుంది.

ఈ తప్పును రస్ట్ దానంతట అది పట్టుకోదు, ఎందుకంటే రెండూ 16 బిట్ల అంకెలే. కానీ పట్టుకునేలా చేయవచ్చు. నెట్‌వర్క్ వరుస పోర్టుకు ఒక టైపు, ప్రాసెసర్ వరుస పోర్టుకు ఇంకో టైపు పెట్టుకుంటే, ఒకటి కావలసిన చోట రెండోది ఇచ్చామో కంపైలర్ ఒప్పుకోదు. ఖర్చు ఏమీ లేదు, తయారయ్యే మెషీన్ కోడ్‌లో రెండూ ఒకటే. నా దృష్టిలో రస్ట్ గొప్పతనం ఇక్కడుంది. మనకు తెలిసిన జాగ్రత్తను ఒక్కసారి టైపుగా రాసిపెడితే, ఇక మన బదులు కంపైలర్ దాన్ని గుర్తుంచుకుంటుంది, ఎన్నడూ మరిచిపోదు. రాసిపెట్టని జాగ్రత్త సంగతి మాత్రం దానికి తెలియదు.

రస్ట్‌కి కనబడనివి

రస్ట్‌కి తెలియని కట్టుబాట్లు కెర్నల్‌లో కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది ఐఆర్‌క్యూఎల్. ఏ క్షణంలో ప్రాసెసర్ ఎంత అత్యవసర స్థితిలో ఉందో చెప్పే అంకె అది. క్లాసిఫై ఫంక్షన్‌ని డిస్పాచ్ అనే స్థాయిలో కూడా పిలవవచ్చు. ఆ స్థాయిలో నిరీక్షణ నిషిద్ధం. ఫైలు చదవకూడదు, లాక్ కోసం నిద్రపోకూడదు. డిస్కు మీదికి పంపేసి ఉన్న మెమరీ పేజీని తాకినా నీలి తెరే. అక్కడ కనిపించే డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్ అన్న మాట డ్రైవర్లు రాసేవారందరికీ చిరపరిచితం. ఫంక్షన్ ఏ స్థాయిలో నడుస్తుందో రస్ట్ టైపుల్లో ఎక్కడా లేదు. తప్పుచోట పిలిచినా కంపైల్ అయిపోతుంది.

ఈ ప్రోగ్రామ్‌ని నెట్‌లోకి పంపమంటారా అని వినియోగదారుని అడిగే ఫైర్‌వాల్‌లకు ఇదే పెద్ద చిక్కు. మనిషి బటన్ నొక్కడానికి క్షణాలు పడుతుంది, నిమిషాలూ పట్టవచ్చు. క్లాసిఫై అంతసేపు ఆగకూడదు. అందుకు డబ్ల్యూఎఫ్‌పీ వాయిదా వేసే సౌకర్యం ఇచ్చింది. ప్రస్తుతానికి ఆపి ఉంచుతున్నాను అని చెప్పి వెంటనే తిరిగి వచ్చేయాలి. జవాబు దొరికాక పూర్తి చేయమంటే, అదే కనెక్షన్ మళ్లీ విచారణకు వస్తుంది. ఈ మధ్యలో ఆ వాయిదాకు గుర్తుగా దాచుకున్న చీటీ ఎవరి దగ్గర ఉండాలి, డ్రైవర్‌ని మధ్యలో తీసేస్తే దాన్ని ఎవరు శుభ్రం చేయాలి అన్నవే అసలు తలనొప్పి. యజమాని ఎవరన్న ప్రశ్నను రస్ట్ మొదట్లోనే అడుగుతుంది కాబట్టి ఈ తలనొప్పి బాగా తగ్గుతుంది.

రెండోది పానిక్. వరుసలో లేని స్థానాన్ని నేరుగా అడిగితే రస్ట్ మెమరీని చదవనివ్వదు, పానిక్ అయి ఆగిపోతుంది. మామూలు ప్రోగ్రామ్‌లో అది ఆ ప్రోగ్రామ్‌తో పోతుంది. కెర్నల్‌లో వెనక్కి తగ్గి కోలుకునే ఏర్పాటు లేదు, పానిక్ అంటే మొత్తానికి మొత్తం ఆగడమే. మెమరీ సురక్షితంగానే ఉంటుంది గానీ మెషీన్ నడవదు. అందుకే కెర్నల్ కోసం రాసే రస్ట్‌లో, స్థానం ఉందో లేదో అడిగి తెలుసుకునే పద్ధతినే వాడాలి. మెమరీ కేటాయింపు కూడా అంతే. దొరకదేమో అన్న అనుమానంతోనే అడగాలి.

మూడోది నిష్క్రమణ. డ్రైవర్‌ని తీసేసేటప్పుడు ముందు ఫిల్టర్లు, తర్వాత కాల్‌ఔట్, చివర డివైస్ ఆబ్జెక్ట్ పోవాలి. కనెక్షన్లకు తగిలించిన సమాచారం ఇంకా మిగిలుంటే, పని ఉంది ఆగమని విండోస్ చెబుతుంది. ఆ మాట వినకుండా వెళ్లిపోతే, విండోస్ పిలిచే చిరునామాలో ఇక కోడ్ ఉండదు. శుభ్రం చేసే పనులను, విలువ పోయేటప్పుడు తనంతట తానే నడిచే రస్ట్ డ్రాప్‌లో పెట్టి వరుస తప్పకుండా చేయించవచ్చు. కానీ ఆ వరుస ఏమిటో దానికి చెప్పాల్సింది మనమే.

కట్టడం

తయారీ సరంజామా ఇది: విజువల్ స్టూడియో బిల్డ్ టూల్స్, విండోస్ డ్రైవర్ కిట్, రస్ట్, ప్రాజెక్టును కట్టిపెట్టే దాని పనిముట్టు కార్గో, ఎల్ఎల్‌వీఎం. ఎల్ఎల్‌వీఎం ఎందుకంటే, విండోస్ ఇచ్చే సీ హెడర్ ఫైళ్లను చదివి వాటికి సరిపడే రస్ట్ ప్రకటనలు రాసిపెట్టే బైండ్‌జెన్ అనే పనిముట్టుకు అది కావాలి. బైండ్‌జెన్ చాలా చేస్తుంది గానీ, సీలో ఫంక్షన్లలా వాడే మాక్రోలు దానికి కొరుకుడు పడవు. అలాంటివాటిని చేత్తో రస్ట్‌లో రాసుకోవాలి.

ప్రాజెక్టులో రస్ట్ మామూలు లైబ్రరీ ఉండదు, ఎందుకంటే కింద దాన్ని మోయడానికి మామూలు విండోస్ ప్రోగ్రామ్‌కి ఉండే వాతావరణం లేదు. కోర్ అనే చిన్న భాగం, కెర్నల్ మెమరీని వాడే అలొకేటర్, పానిక్ వస్తే ఏం చేయాలో చెప్పే ఫంక్షన్ ఉంటాయి. విండోస్ మొదట పిలిచేది డ్రైవర్ ఎంట్రీ అనే ఫంక్షన్‌ని. అందులో డివైస్ ఆబ్జెక్ట్ తయారుచేసి, కాల్‌ఔట్‌ని నమోదు చేసి, ఫిల్టర్ ఇంజిన్‌ని తెరిచి, ఫిల్టర్‌ని చేర్చాలి. ఆ ఇంజిన్‌ని డైనమిక్ సెషన్‌గా తెరవడం మేలు. సెషన్ ముగియగానే మనం చేర్చినవన్నీ వాటంతట అవే పోతాయి.

కార్గో పని ముగించాక డాట్ సిస్ ఫైలు చేతికొస్తుంది. దాన్ని ఇప్పుడే ఎక్కించబోతే 64 బిట్ విండోస్ ఒప్పుకోదు. సంతకం ఏదీ?

సంతకం ఏం పూచీ పడుతుంది?

64 బిట్ విస్టా నుంచి కెర్నల్ కోడ్‌కి డిజిటల్ సంతకం తప్పనిసరి. సంతకం చేసేటప్పుడు ముందు ఫైలు మొత్తానికి హాష్ తీస్తారు. ఫైలులో ఒక్క బిట్ మారినా పూర్తిగా మారిపోయే 256 బిట్ల సంఖ్య అది. లెక్కలోకి రానివి మూడే: ఫైలు చెక్‌సమ్, సంతకం ఎక్కడుందో చెప్పే గడి, సంతకమే. సంతకం పెట్టాక అవి మారక తప్పదు కాబట్టి వాటిని వదిలేస్తారు. ఆ హాష్‌ని రహస్య కీతో సంతకం చేసి, సర్టిఫికెట్‌తో కలిపి ఫైలు చివర అతికిస్తారు.

ఉత్తరం మీద వేసిన లక్క ముద్ర లాంటిది ఈ సంతకం. ఎవరు పంపారో, దారిలో ఎవరైనా విప్పారో చెబుతుంది. లోపల రాసినది నిజమో అబద్ధమో చెప్పదు.

2016లో వచ్చిన విండోస్ 10, 1607 వెర్షన్‌తో మైక్రోసాఫ్ట్ ఇంకో మెట్టు పెట్టింది. బూట్ అయ్యేటప్పుడే సంతకాలు పరీక్షించే సెక్యూర్ బూట్ ఉన్న కొత్త మెషీన్లలో, కొత్త డ్రైవర్లకు కంపెనీ సొంత సంతకం ఒక్కటే చాలదు, మైక్రోసాఫ్ట్ సంతకం కూడా ఉండాలి. దానికోసం కంపెనీ గట్టి గుర్తింపు తనిఖీ తర్వాత ఇచ్చే ఈవీ సర్టిఫికెట్ కొనుక్కుని, డ్రైవర్‌ని మైక్రోసాఫ్ట్ పోర్టల్‌కి పంపాలి. పరీక్షల ఫలితాలు జతచేసి పంపడం ఒక దారి, ఫలితాలు లేకుండా ధ్రువీకరణ సంతకం మాత్రమే తీసుకోవడం రెండో దారి. పగలంతా కోడ్ మార్చి మార్చి పరీక్షించే ఇంజినీరు ప్రతిసారీ ఈ తతంగం చేయలేడు, నేర్చుకునే విద్యార్థి ఒక్కసారి కూడా చేయలేడు. టెస్ట్ సైనింగ్ ఉన్నది వీళ్ల కోసమే.

టెస్ట్ సైనింగ్: ఒక వరుస

మొదటి నియమం, ఇది సొంత మెషీన్‌లో చేసే పని కాదు. వర్చువల్ మెషీన్‌లో చేయాలి, ముందు దాని స్నాప్‌షాట్ తీసుకోవాలి. డ్రైవర్ బూట్‌లోనే కూలిపోతే వెనక్కి వెళ్లే దారి అదే. ఆ మెషీన్‌లో సెక్యూర్ బూట్ ఆపాలి. బిట్‌లాకర్ ఉంటే దాన్నీ తాత్కాలికంగా నిలపాలి, లేకపోతే బూట్ అమరికలు మారాయని రికవరీ కీ అడుగుతుంది. అడ్మినిస్ట్రేటర్‌గా బీసీడీఎడిట్ కమాండ్‌తో టెస్ట్‌సైనింగ్‌ని ఆన్ చేసి, రీబూట్ చేయాలి. డెస్క్‌టాప్ కుడి కింది మూలన టెస్ట్ మోడ్ అన్న అక్షరాలు కనిపిస్తాయి. ఈ మెషీన్ నమ్మకం స్థాయి తగ్గిందని చూసినవాళ్లకల్లా చెప్పే గుర్తు అది.

తర్వాత సర్టిఫికెట్. పవర్‌షెల్‌లో ఒక్క కమాండ్‌తో, కోడ్ సైనింగ్ కోసం అని ప్రత్యేకించి, సొంత సంతకంతో ఒకటి తయారుచేసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ రస్ట్ లైబ్రరీల పనిముట్లయితే డ్రైవర్ కట్టేటప్పుడే ఇలాంటిదొకటి తయారుచేసి సంతకం కూడా పెట్టేస్తాయి. చేత్తో చేయదలిస్తే డ్రైవర్ కిట్‌లోని సైన్‌టూల్‌తో షా-256 హాష్ ఎంచుకుని సంతకం చేయాలి.

ఈ సర్టిఫికెట్‌ని ఎవరు నమ్ముతారు? టెస్ట్ మోడ్‌లో ఉన్న విండోస్ ఏ సర్టిఫికెట్‌నైనా ఒప్పుకుని కెర్నల్ కోడ్‌ని ఎక్కిస్తుంది. అది పేరున్న సంస్థ జారీ చేసినదై ఉండనక్కర్లేదు. కానీ సంతకమంటూ ఉండాలి, అది ఫైలుకు సరిపోవాలి. ఐఎన్ఎఫ్ ఫైలు ద్వారా ప్యాకేజీగా ఇన్‌స్టాల్ చేయాలంటే మాత్రం ఆ సర్టిఫికెట్‌ని నమ్మదగిన మూల సంస్థల జాబితాలో, నమ్మదగిన ప్రచురణకర్తల జాబితాలో చేర్చాలి.

చివరగా ఎస్సీ క్రియేట్ కమాండ్‌తో డ్రైవర్‌ని కెర్నల్ రకం సర్వీసుగా నమోదు చేసి, ఎస్సీ స్టార్ట్ అంటే చాలు. ఈక్వల్స్ గుర్తు తర్వాత ఖాళీ తప్పనిసరి, చాలామంది తడబడేది అక్కడే. డ్రైవర్ ఎక్కాక, ఆపమని రాసిన చిరునామాకు కనెక్షన్ ప్రయత్నించి, ఆగిందో లేదో చూడవచ్చు. డ్రైవర్లను పరీక్షించే విండోస్ పనిముట్టు డ్రైవర్ వెరిఫయర్‌ని ఈ డ్రైవర్ మీద పెడితే, రస్ట్‌కి కనబడని ఐఆర్‌క్యూఎల్ తప్పుల్లో చాలావాటిని అది బయటికి లాగుతుంది.

సంతకం ఏం చేస్తుందో కళ్లారా చూడాలంటే ఒక ప్రయోగం ఉంది. సంతకం చేసిన ఫైలుకు నకలు తీసి, హెక్స్ ఎడిటర్‌లో కోడ్ మధ్య ఒక్క బైటు మార్చండి. ఫైలు సైజు అంతే, పేరు అంతే, సర్టిఫికెట్ అలాగే ఉంది. ఆ నకలును ఎక్కించబోతే 577 అనే ఎర్రర్ వస్తుంది. సంతకాన్ని విండోస్ ధ్రువీకరించలేకపోయిందని దాని అర్థం. టెస్ట్ మోడ్, సర్టిఫికెట్ ఎవరిదన్న పట్టింపును సడలిస్తుంది, ఫైలు మారలేదన్న షరతును సడలించదు.

పని ముగిశాక టెస్ట్‌సైనింగ్ ఆపేయాలి. ఆ మోడ్‌లో మన డ్రైవర్‌కి తెరిచిన తలుపు ఎవరి డ్రైవర్‌కైనా తెరిచినట్టే.

లక్క ముద్రకు అందనివి

2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రామ్ డ్రైవర్ల మీద రియల్‌టెక్, జేమైక్రాన్ అనే రెండు తైవాన్ కంపెనీల సంతకాలున్నాయి. అవి నకిలీ సంతకాలు కావు, అసలువే. దొంగిలించిన కీలతో చేసినవి. 2021 జూన్‌లో జర్మనీకి చెందిన జీ డేటా సంస్థ నెట్‌ఫిల్టర్ అనే డ్రైవర్‌ని పట్టుకుంది. పేరుకు తగ్గట్టే అది నెట్‌వర్క్ రాకపోకలను దారి మళ్లించే డ్రైవర్. దాని మీద ఉన్నది మైక్రోసాఫ్ట్ సంతకమే. పోర్టల్‌కి మామూలు డ్రైవర్‌లాగే పంపి సంతకం చేయించుకున్నారు. ఇక 2015 జులై 29కి ముందు జారీ అయిన సర్టిఫికెట్లకు 1607 నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు. సంతకం తేదీని వెనక్కి జరిపి ఆ మినహాయింపును దుర్వినియోగం చేస్తున్నారని 2023లో సిస్కో వారి టాలోస్ బృందం బయటపెట్టింది.

వీటిలో ఉన్నది దురుద్దేశం. దురుద్దేశం లేకుండా కూడా ఎంత నష్టం జరుగుతుందో 2024 జులై 19న ప్రపంచం చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ భద్రతా డ్రైవర్‌కి మైక్రోసాఫ్ట్ సంతకం ఉంది, పరీక్షలూ దాటింది. ఆ రోజు కొత్తగా పంపింది డ్రైవర్‌ని కాదు, అది చదివే ఒక డేటా ఫైలును. అందులోని నియమం 21వ విలువను అడిగింది. డ్రైవర్ దగ్గర ఉన్నవి 20. లేని విలువ కోసం వరుస దాటి చదివింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు కుప్పకూలాయి. మన హైదరాబాద్ విమానాశ్రయంలోనూ బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు.

పోర్టు నంబర్ చదివేటప్పుడు మనం చూసిన వరుస, స్థానం సమస్యే ఇది. రస్ట్‌లో రాసి ఉంటే ఇది జరిగేది కాదని చాలామంది అన్నారు. సగమే నిజం. రస్ట్ వరుస దాటి చదవనిచ్చేది కాదు. కానీ రాసినవారు స్థానాన్ని నేరుగా అడిగి ఉంటే పానిక్ వచ్చేది, మెషీన్లు అప్పుడూ ఆగేవి. ఉందో లేదో అడిగే పద్ధతిలో రాసి ఉంటే మెషీన్ నిలిచేది. అయితే అక్కడ ఇంకో ప్రశ్న వచ్చి నిలబడేది: 21వ విలువ లేదు, మరి ఇప్పుడేం చేయాలి?

మిగిలిన పూచీ

నెట్‌వర్క్ ఫిల్టర్ రాసే ప్రతి మనిషీ తేల్చుకోవాల్సిన ప్రశ్న అది. డ్రైవర్‌కి నిర్ణయం చేతకానప్పుడు, అంటే మెమరీ దొరకనప్పుడో, విలువ లేనప్పుడో, అడగాల్సిన ప్రోగ్రామ్ నడవనప్పుడో, కనెక్షన్‌ని పోనివ్వాలా, ఆపాలా? ఆస్పత్రిలో రోగి వివరాలు తెచ్చే కంప్యూటర్‌లో ఆపేయడం ప్రమాదం. రహస్యాలు బయటికి పోకూడని చోట పోనివ్వడం ప్రమాదం. రెండిటికీ ఒకే జవాబు లేదు. కంపైలర్‌కి ఏది రాసినా సమ్మతమే, సంతకం ఏది రాసినా ఒకేలా పడుతుంది.

అందుకే క్లాసిఫై ఫంక్షన్ రాసేటప్పుడు విఫలమయ్యే ప్రతి దారికీ నిర్ణయం ఏమిటో, ఎందుకో పక్కనే రాసిపెట్టాలని నేను కోరుతాను. అన్‌సేఫ్ బ్లాకు మీద ఇది ఎందుకు సురక్షితమో కారణం రాయడం రస్ట్ రాసేవారికి ఇప్పటికే ఉన్న మంచి అలవాటు. నిర్ణయాలకూ ఆ అలవాటు రావాలి. డేటా ఫైలును కూడా డ్రైవర్‌తో సమానంగా చూసి, కొద్ది మెషీన్లలో పరీక్షించాకే అందరికీ పంపాలి.

మన కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చాలాచోట్ల పుస్తకం దాటదు. ఒక వర్చువల్ మెషీన్, ఉచితంగా దొరికే పనిముట్లు, టెస్ట్ మోడ్ ఉంటే చాలు, ఒక విద్యార్థి కెర్నల్‌లో తన కోడ్ నడవడం చూడవచ్చు, అది కూలడమూ చూడవచ్చు. టెస్ట్ సంతకం చేసేటప్పుడు సర్టిఫికెట్ జారీ చేసేదీ, సంతకం పెట్టేదీ, దాన్ని నమ్మేదీ ఒక్కరే. పేరున్న సంస్థలేవీ మధ్యలో లేవు కాబట్టి, కంపైలర్ పడిన పూచీ ఎంత, సంతకం పడిన పూచీ ఎంత అన్నది అక్కడ స్పష్టంగా విడివడి కనిపిస్తుంది. మిగతాదంతా రాసినవారిదే.